ఇంటికి చేరని వడ్లు

హైదరాబాదులోని ఒక వ్యవసాయ సర్వే కార్యాలయానికి ఐదేళ్లలో పదకొండు ఉత్తరాలు రాశాను. వాటిలో మూడు రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పెట్టిన రసీదులు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఏడో ఉత్తరం తర్వాత సెలవు పెట్టి స్వయంగా హైదరాబాదు వెళ్లాను. ఆ కార్యాలయంలో ఒకాయన నన్ను పొద్దున పదకొండు నుంచి మూడు దాకా వరండాలో నిలబెట్టి, చివరికి లోపలికి పిలిచి "ఏ రిపోర్టు?" అని అడిగాడు. ఆ రిపోర్టు ఆయన వెనకాల అలమరాలో, పైనుంచి రెండో అరలో, నీలం అట్టతో కనబడుతూనే ఉంది. ఇక వాళ్లను వదిలి, మొన్న డిసెంబరులో వరంగల్లు వైపు వెళ్లి వచ్చిన నాలుగు రోజుల సంగతి మీకు చెబుతున్నాను. మీరైనా చివరిదాకా వినండి.

ముందు ఆ రిపోర్టు ఏమిటో చెప్పాలి. డెబ్బై ఆరులో నేను ఆ కార్యాలయంలో తాత్కాలిక ఉద్యోగిని. వరంగల్లు జిల్లాలో చిన్న రైతుల ఇళ్లకు వెళ్లి ప్రశ్నల కాగితం నింపడం నా పని. నేల ఎంత, విత్తనం ఎంత, ఎరువు ఎంత, పంట ఎంత. ఒకే రకం నేలకు ఒకే మోతాదు నీరూ ఎరువూ అందితే మంచి రైతు ఎంత పండించగలడో ముందు లెక్క వేస్తారు. ఈ రైతు నిజంగా ఎంత పండించాడో దాని పక్కన పెడతారు. రెండింటికీ మధ్య దూరం తక్కువైతే సమర్థుడు, ఎక్కువైతే అసమర్థుడు. దీనికి వాళ్లు పెట్టిన పేరు సాంకేతిక సామర్థ్యం. అచ్చయిన పుస్తకంలో నా పేరు ఎక్కడా లేదు, 'క్షేత్ర సిబ్బంది' అన్నారు. అది వేరే ఫిర్యాదు. దానికి వేరే ఉత్తరం రాశాను.

అసలు ఫిర్యాదు నలభై మూడో పుట మీద. రైతుల పేర్ల బదులు అక్కడ నంబర్లుంటాయి. అందరికన్నా అట్టడుగున పదిహేడో నంబరు, పక్కనే 'ఉన్న వనరులను వాడుకోలేని రైతు' అన్న మాట. ఆ పట్టిక చూసే, ఏ ఊరి చెరువులు ముందు బాగు చేయాలో నిర్ణయించారు. పైనున్న ఊళ్లకు కొత్త తూములు వచ్చాయి. కిందున్న ఊళ్లకు నీళ్లిచ్చినా దండగ అనుకున్నారు.

పదిహేడో నంబరు ఎవరో నాకు తెలుసు. కొమురమ్మ. నర్సంపేటకు అవతల ఒక చెరువు కింద ఆఖరి రెండెకరాలు ఆమెవి. పైరు మీదున్నప్పుడు ఆ గట్ల మీద నేను నడిచాను. మడిలో కలుపు మొక్క వెతికినా దొరకదు. అలాంటి మనిషి అట్టడుగున ఎలా ఉంటుంది? కార్యాలయంలో ఎవరో నా అంకెలు మార్చారని ఐదేళ్లుగా నా నమ్మకం. ఇప్పుడు నేను తెనాలిలో ఒక సహకార బ్యాంకు గుమాస్తాను. కోతల రోజులు చూసి, సొంత సెలవు మీద, ఆమె వడ్లు నా చేత్తో తూచి రావాలని బయలుదేరాను.

మట్టెవాడలో కాంటా

వరంగల్లు స్టేషను బయట ఒక హోటలుంది. ఐదేళ్ల కిందట అక్కడ నాకు అంచు విరిగిన సాసరులో చాయ్ ఇచ్చారు. మళ్లీ అక్కడికే వెళ్లాను. ఈసారి సాసరు బాగుంది, చాయ్ నలభై పైసలు. మా తెనాలిలో కాఫీ అడిగినవాడికి టీ ఇస్తే గొడవవుతుంది. ఇక్కడ కాఫీ అడిగితే హోటలతను "పాణం బాగలేదా సారూ?" అని పరామర్శించాడు.

అక్కణ్ణుంచి రిక్షాలో మట్టెవాడ. పాత దుకాణాల వరసలో కాంటాలు, తూకపు రాళ్లు, జల్లెడలు, నులక తాళ్లు అమ్మే కొట్టు ఒకటి కనబడింది. యజమాని పేరు వీరేశం, అరవై దాటిన మనిషి. యాభై కిలోల స్ప్రింగు కాంటా రెండు రోజులకు అద్దెకు కావాలన్నాను. తూచడాన్ని ఇక్కడ జోకడం అంటారు.

"ఏం జోకుతవ్ సారూ?"

"వడ్లు. నర్సంపేట దగ్గర ఒక రైతువి."

"గవి మార్కెట్ల వడ్డంక మేమే జోకుతం గద. నువ్వు గంత దూరం పోయి జోకుడేంది?"

"మీరు జోకితే తగ్గుతాయని," అన్నాను. మనసులో ఉన్నది దాచుకోవడం నాకు చేతకాదు.

వీరేశం నా యాస పోల్చుకుని, నన్ను ఎగాదిగా చూసి, పక్క కొట్టు వైపు తల తిప్పి కేకేశాడు. "ఓ లచ్చయ్యా, ఇన్నవా? మన కాంటాల సంగతి గుంటూరు దాకా ఎరికేనట!" ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తరువాత ఆయన ఐదు కిలోల రాయిని కొక్కేనికి తగిలించి, ముల్లు సరిగ్గా ఐదు మీద నిలిచేదాకా నాకు చూపించాడు. "ఇది కరెక్టుగుంటది. గందుకే దీన్ని దుకాణంల వాడ. తీస్కపో. కిరాయి వద్దు, నీ చేతి గడియారం పెట్టిపో."

గడియారం మా నాన్నది. రోజూ కీ ఇవ్వకపోతే ఆగిపోతుందని చెప్పాను.

"ఫికర్ జెయ్యకు. నేను తిప్పుత," అన్నాడు.

లగేజి టికెట్టు

నర్సంపేట బస్సులో కండక్టరు నా సంచి తడిమాడు.

"గిండ్ల ఏమున్నది?"

"కాంటా."

"కాంటా అంటే యాపారం. యాపారమంటే లగేజి టికెట్."

నేను వ్యాపారిని కానని చెప్పాను. "అందరు గట్లనే అంటరు," అన్నాడు. కాంటా బరువెంతో చూసుకోమన్నాను కానీ, దాన్ని దానితోనే ఎలా తూచాలో ఇద్దరికీ తెలియలేదు. ముందు సీటులో ముసలమ్మ ఒకామె వెనక్కి తిరిగి, "ఇడిసిపెట్టు కొడుకా, చూడనీకి బీదోని లెక్కనే ఉన్నడు," అంది. నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి ఆమె. ఆ మాటకు సంతోషించాలో బాధపడాలో తేలక అర్ధరూపాయి ఇచ్చి టికెట్టు తీసుకున్నాను. ఆ టికెట్టూ నా దగ్గర ఉంది.

నర్సంపేటలో పచ్చిపులుసు

పత్తి బళ్లు, వడ్ల బళ్లు బస్టాండు దాకా నిలబడి ఉన్నాయి. ఒక ఇంటి ముందు గదిలో భోజనం పెడుతున్నారు, రెండున్నర రూపాయలు. పులుసు చల్లగా ఉందని ఫిర్యాదు చేశాను. వడ్డిస్తున్న ఆవిడ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"పచ్చిపులుసు సల్లగ లేకపోతే కాగుతదా అన్నా? మీ దిక్కు పులుసు కాగవెడతరా?"

"కాచే తీరాలి. లేకపోతే అది పులుసే కాదు."

"అయ్యో పాపం," అని ఆవిడ నిజంగానే జాలిపడింది. చింతపండు పిసికిన నీళ్లలో పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, ఇంత నువ్వుల పొడి. రెండోసారి అడిగి వేయించుకున్నాను. తినడం అయ్యాక డబ్బులు తీసుకుంటూ, "ఇంటికాడ మీ ఆడోళ్లకు చెప్పు, పొయ్యి మీద వెట్టద్దని," అని గుర్తు చేసింది. చెప్పాను. ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

రాని ఉత్తరం

ఊరికి ఎడ్లబండి మీద చేరేసరికి సాయంత్రమైంది. కొమురమ్మ వాకిట్లో చాటతో మినుములు చెరుగుతోంది. ఐదేళ్లలో జుట్టు నెరిసింది కానీ చేతులు అంతే చురుగ్గా ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినవా కాయితాల సారూ? ఐదేండ్లకు తొవ్వ దొరికిందా?"

నేను ఎందుకు వచ్చానో చెప్పబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ముందుగల నాకు జవాబు జెప్పు. పొయ్యేటప్పుడు నీ అడ్రసు రాసిచ్చి, ఏదన్నుంటె ఉత్తరం రాయమన్నవ్. బడిపంతులుతోని రాయించిన. తూము బాగు జేత్తరా జెయ్యరా అని ఒక్క ముక్క అడిగిన. ముట్టిందా, ముట్టలేదా?"

ముట్టింది. ఆ కార్డు నా ఫైల్లో, నాలుగో ఉత్తరం నకలుకూ ఐదో ఉత్తరం నకలుకూ మధ్య ఉంది. కార్యాలయం నాకు జవాబిస్తే దాన్నిబట్టి ఆమెకు రాద్దామనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"వాళ్లు నీకు రాయకపాయె, నువ్వు నాకు రాయకపాయె," అంది కొమురమ్మ, కోపం లేకుండానే. "నేనేమో రోజు పోస్టాయినెను ఆపి అడిగితి. నా పోరు పడలేక ఆయినె ఈ గల్లీ ఇడిసి ఎనుకంగ పోతాండు."

నవ్వమన్నట్టు నా వైపు చూసింది. నాకు నవ్వు రాలేదు. వరండాలో నాలుగు గంటలు నిలబడ్డ సంగతి నేను ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు. ఈమె ఐదేళ్లు వాకిట్లో నిలబడింది.

ఆమె భర్త సారయ్య ఇంట్లో లేడు. ములుగు అడవుల్లో వెదురు నరికే పనికి వెళ్లాడు, ఇది మూడో ఏడు. తూము తలుపు విరిగి ఆరేళ్లయిందట. నీళ్లు సగం వాగులోకి కారిపోతున్నాయి, ఆఖరి మడికి చేరేది తక్కువ. "ఈ ఎండకాలం గుడ బాగు గాకపోతే మడి పడావు వెడత," అంది. దున్నకుండా వదిలేస్తుందన్న మాట. "నేను గుడ ములుగు పోత. ఆయినె ఒక్కడే ఎన్నేండ్లు నరుకుతడు?"

రాత్రి మక్కగట్క అనే మొక్కజొన్న సంకటి, మా వైపు గోంగూర అనే పుంటికూర పచ్చడి పెట్టింది. ఐదేళ్ల కిందట కూడా ఇదే పెట్టింది. అప్పుడు ఈ మంచం మీదే కూర్చుని, తింటూ, ఆమె చెప్పిన అంకెలు రాసుకున్నాను.

కల్లం

పొద్దున కల్లం దగ్గరకు వెళ్లాం. ముందు రోజే ఎడ్లతో తొక్కించి, తూర్పారబట్టి, రాశి పోసి ఉంచారు. నేను మూడు కర్రలు కట్టి కాంటా వేలాడదీశాను. అప్పటికే రాశి చుట్టూ తొమ్మిది మంది ఉన్నారు. కోత కోసిన ఆడవాళ్లు ఆరుగురు, చెరువు నీళ్లు మళ్లించే నీరటి ఐలయ్య తాత, కొడవళ్లు చేసిన కమ్మరి, బట్టలుతికే రాజవ్వ. గంపలు, సంచులు, పాత చీర ముక్కలు పట్టుకుని ఉన్నారు.

"ముందు తూచేద్దాం," అన్నాను.

"ఆగు తమ్మీ. పొయ్యేటియి పోనీ."

"పది నిమిషాల పని కొమురమ్మా. తూచాక ఇవ్వు."

"జోకకముందే ఇయ్యాలె." ఆమె గంప తీసుకుని రాశి ముందు కూర్చుంది. "జోకితే లెక్క తెలుత్తది. లెక్క తెలిసినంక చెయ్యి ఎనుకకు వత్తది. మా అత్త జోకలే. నేను జోక."

నేను నా కర్రల పక్కన నిలబడి చూశాను. గంప మునిగింది, లేచింది, ఒక చీర ముక్కలోకి ఒరిగింది. మళ్లీ మునిగింది. కోసినవాళ్ల కూలి గింజలు, నీరటి వాటా, కమ్మరి వాటా, రాజవ్వ వాటా. దీన్ని వాళ్లు మేర అంటారు. రెండెకరాలున్నా పదెకరాలున్నా నీరటికి ఇచ్చే గంపలు అన్నేనట. రాశి ఒక పక్క కుంగిపోయింది. అంతా అయ్యాక కొమురమ్మ చేతులు దులుపుకుని, "ఇగ జోకు. ఇది ఇంటికొచ్చేది," అంది.

నా ప్రశ్నల కాగితంలో ఇరవై రెండో ప్రశ్న అదే: 'ఇంటికి చేరిన పంట ఎంత?' మా నాన్న బడిపంతులు. మా పొలం కౌలుకిచ్చేవాళ్లం. పంట అంటే ఇంటికి దిగే బస్తాలని తప్ప నేను కల్లం చూసి పెరిగినవాణ్ణి కాను. కూలి డబ్బుగా ఇచ్చే ఊళ్లలో రాశి మొత్తం ఇంటికి చేరుతుంది. ఆ ఊళ్లు పట్టికలో పైన ఉన్నాయి. గింజగా ఇచ్చే ఊళ్లు కింద ఉన్నాయి. అందరికన్నా చిన్న రాశి నుంచి అందరితో సమానంగా గంపలు ఇచ్చిన కొమురమ్మ అట్టడుగున ఉంది. నా అంకెలను కార్యాలయంలో ఎవరూ మార్చలేదు. నేను రాసినవే అచ్చయ్యాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎవరూ అడగకపోయినా. కల్లం దగ్గరే నిలబడి తూచాలని మాకు శిక్షణలో చెప్పారు. ఆ రోజు నన్ను కల్లం దగ్గర దింపాల్సిన జీపు రాలేదు. నాలుగు మైళ్లు నడవాల్సింది. నేను నడవలేదు. జీపు గురించి రెండు పుటల ఫిర్యాదు రాసి, మూడు వారాల తర్వాత తీరిగ్గా కొమురమ్మ ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని అడిగాను. జీపు తేదీ నాకు నేటికీ గుర్తుంది. కల్లం మాత్రం మరిచిపోయాను.

"ఇచ్చినవాటిని కూడా తూచాలి," అన్నాను చివరికి.

"ఇచ్చినంక అయి నాయి గావు. వాళ్లనడుగు."

తొమ్మిది మూటలు

అడిగాను. ఒక్కొక్కరినీ, వరసగా, కొక్కేనికి మూట తగిలించనిస్తారా అని.

కోత ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "జోకి గుంజుకపోతవా ఏంది?" అంది ఒకామె. ఇంకొకామె తన మూట తూగాక, "జర నన్ను గుడ జోకు సారూ, మా ఆయినె బరువైన్నవంటాండు," అంది. కమ్మరి కాంటాను తిప్పి తిప్పి చూసి, దాని కొక్కెం సరిగ్గా సాగదీయలేదని వీరేశానికి చెప్పమన్నాడు. రాజవ్వ మూట మీద చెయ్యి తీయకుండా నా చెవి దగ్గరికి వంగింది.

"జోకు గని, తక్కువుంటే చెప్పకు. ఎక్కువుంటే అసలే చెప్పకు. ఆమె ఇంటది."

ఐలయ్య తాత చివర వచ్చాడు. భుజాన పార, మోకాళ్ల దాకా ఎండిన బురద. ఆయన మూట తూగుతుండగా నేను నీళ్ల సంగతి అడిగాను.

"ఊరంత తడిసినంక మిగిలినయి ఈమె మడికి వత్తయి," అన్నాడు. "మొగదలోళ్లకు పది తడులైతే ఈమెకు ఏడో ఎనిమిదో. అయినా మడి ఎండనియ్యదు. పొద్దుగాల్నే వచ్చి నీళ్లు ఎక్కడ కారుతానయో సూత్తది, పిడికెడు మట్టి తెచ్చి మెత్తుతది. నేను నీళ్లిడుసుడే, బతికించుడు ఆమెదే."

"సాలు తీ తాతా, నీ మేర వెరగది," అంది కొమురమ్మ రాశి దగ్గరి నుంచి. అందరూ నవ్వారు. ఆమె మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

మొదటి మడులకూ ఆఖరి మడికీ అందే తడుల తేడాకు నా కాగితంలో గడే లేదు.

మధ్యాహ్నానికి అంతా తేలింది. ఇంటికి చేరినవి పద్దెనిమిది బస్తాలు. తొమ్మిది మూటలూ కలిపితే మరో ఐదు. అవీ ఆమె చేను పండించినవే, అదే నీటితో, అదే ఎరువుతో. వాటిని కలిపితే పదిహేడో నంబరు ఎక్కడ నిలుస్తుందో నేను చెప్పలేను, ఆ లెక్క నా చదువుకు అందదు. అట్టడుగున మాత్రం నిలవదు.

నేను కాంటా విప్పుతుంటే కొమురమ్మ వచ్చి, నా భుజం మీది తువ్వాలు లాగి, అందులో రెండు మానికల వడ్లు పోసింది. వద్దన్నాను.

"కల్లం కాడికొచ్చినోళ్లు ఉత్త చేతులతోని పోరు. అప్పుడు ఇంటికాడికి వచ్చినవ్, గట్క వెట్టిన. ఇప్పుడు కల్లం కాడికొచ్చినవ్. పట్టు."

మూట కట్టి దాన్నీ కొక్కేనికి తగిలించాను. కాగితంలో తొమ్మిది పేర్ల కింద పదో పేరుగా నా పేరు రాసి, పక్కన తూకం వేశాను. ఆ లెక్కల్లో నా పేరు కనబడడం అదే మొదటిసారి.

తిరిగి మట్టెవాడకు

వీరేశం గడియారం తీసి ఇచ్చాడు. స్టేషను గడియారంతో పోల్చి చూసుకున్నాను తరువాత. నిమిషం తేడా లేదు.

"ఏమాయె? జోకితే తగ్గినయా?"

"పెరిగాయి."

"నా కాంటాతోని పెరుగుడా!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మెల్లగ చెప్పు సారూ. బయటికి తెలిస్తే బద్నాం అయిత."

కొక్కెం గురించి కమ్మరి చెప్పిన మాట చెప్పాను. ఆయన అప్పుడే సుత్తి తీశాడు. నేను ఆయన కొట్టు అరుగు మీదే కూర్చుని ఉత్తరం రాశాను. కొమురమ్మకు. ఐదేళ్ల కిందట రాయాల్సింది. తూము సంగతి నాకు ఇంకా తెలియదని, ఆమె నంబరు అట్టడుగున పడడానికి కల్లం దగ్గరకు రాని నేనే కారణమని, దిద్దించేదాకా ఊరుకోనని రాశాను. బడిపంతులు చదివి వినిపించేటప్పుడు ఆగాల్సిన అవసరం లేకుండా పెద్ద అక్షరాలతో రాశాను.

ఇక కార్యాలయం వారికి. తూకాల కాగితం నకలు, పదిమంది పేర్లతో సహా, రిజిస్టరు పోస్టులో పంపాను. పన్నెండో ఉత్తరం అదే. అందులో నా తప్పు మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. ఇరవై రెండో ప్రశ్న తయారుచేసింది మీరు కాబట్టి రెండో వాక్యం మీది. నలభై మూడో పుట దిద్దుతారా లేదా? ఆ చెరువు తూము ఈ ఎండాకాలం బాగుచేయమని ఆ పుట చూసినవాళ్లకు చెబుతారా లేదా? వానలు పడ్డాక చెప్పి ఉపయోగం లేదు, అప్పటికి ఆమె ములుగులో ఉంటుంది. నాకు రాయనక్కరలేదు, నేను అలవాటు పడ్డాను. కొమురమ్మ చిరునామా ఉత్తరం అడుగున రాశాను. ఆ పోస్టాయన వెనక దారి మానేసి మళ్లీ ఆమె వాకిటి ముందుగా నడిచి వచ్చేలా ఒక్క కార్డు ముక్క రాయండి, అవునో కాదో. ఎప్పుడు రాస్తారు?